ఫ్లోరిన్‌కు ఏడు, క్లోరిన్‌కూ ఏడే

ఇంటర్ ఫస్టియర్‌లో ఎలక్ట్రాన్ విన్యాసం, అంటే పరమాణువులో ఎలక్ట్రాన్లు ఎలా సర్దుకుంటాయో చెప్పే పాఠాన్ని నేను హైడ్రోజన్‌తో మొదలుపెట్టను. మాది నల్లగొండ. ఇక్కడ ఆ పాఠం ఫ్లోరిన్‌తోనే మొదలవ్వాలి. మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి వచ్చే పిల్లలకు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంగిపోయిన నడుములు, గారపట్టిన పళ్లు కొత్తగా చూపించక్కర్లేదు.

ఫ్లోరిన్‌లో 9 ఎలక్ట్రాన్లు. లోపలి కర్పరంలో, అంటే ఎలక్ట్రాన్ల పొరలో 2, బయటి దాంట్లో 7. బయటి కర్పరంలో 2ఎస్, 2పి అని గదుల్లాంటివి ఉంటాయి. ఆ ఏడింటిలో 2ఎస్‌లో రెండు, 2పిలో ఐదు. 2పిలో ఆరు పడతాయి కాబట్టి ఒకటి తక్కువ. ఆ ఒక్కటీ దొరికితే నియాన్‌లాగా పది నిండి, రుణావేశమున్న ఫ్లోరైడ్ అయాన్ అవుతుంది.

ఈసారి అక్కడే వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు: "సార్, క్లోరిన్‌కు గూడ ఆఖర్ల ఏడే గదా! రోజూ ఉప్పుల క్లోరైడ్ తింటున్నం, మరి బొక్కలు ఎందుకు వంగుతలేవు?"

ఇలాంటి ప్రశ్న ఒక్కటి వస్తే ఆ రోజు సిలబస్ ఎటు పోయినా నాకు ఫికర్ లేదు. పిల్లలు క్లోరిన్ అంటే 2,8,7 అని గడగడా అప్పజెప్తారు గానీ ఆ ఏడు ఎన్నో కర్పరంలో ఉందో పట్టించుకోరు. ఫ్లోరైడ్‌కు ఉన్నవి రెండే కర్పరాలు, వ్యాసార్ధం సుమారు 133 పికోమీటర్లు. క్లోరైడ్‌కు మూడు, సుమారు 181.

ఎముకలో ప్రధానంగా ఉండే ఖనిజం హైడ్రాక్సీఅపటైట్. అందులో కాల్షియం, ఫాస్ఫేట్, హైడ్రాక్సైడ్ ఉంటాయి. హైడ్రాక్సైడ్‌లో ఎలక్ట్రాన్లు ఎన్నో వాడితోనే బోర్డు మీద లెక్కేయించాను. ఆక్సిజన్‌వి 8, హైడ్రోజన్‌ది 1, రుణావేశం కోసం ఇంకొకటి. మొత్తం పది! ఫ్లోరైడ్‌లోనూ పదే. ఆవేశం అదే, సైజూ దాదాపు అంతే. హైడ్రాక్సైడ్ విడిచిన చెప్పుల్లో ఫ్లోరైడ్ కాలు సరిగ్గా పడుతుంది. క్లోరైడ్ పాదం పెద్దది, అంత తేలిగ్గా దూరదు. అది ఎక్కువగా రక్తంలో, ఒంట్లోని నీటిలో కరిగే ఉంటుంది.

ఫ్లోరైడ్ కొద్దిగా చేరితే పంటికి మంచిదే, పుచ్చకుండా కాస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితేనే తంటా.

మరి ఎముకలోని కాల్షియంలో ఎలక్ట్రాన్లు 2,8,8,2గా ఎందుకు, మూడో కర్పరంలో 18 పడతాయి కదా అంటే, మూడో కర్పరంలోని 3డి కన్నా నాలుగో దాంట్లోని 4ఎస్ శక్తి తక్కువ, అందుకే అది ముందు నిండుతుంది. ఏది ముందు నిండుతుందో చూపే బాణాల బొమ్మ బట్టీపట్టి ఎప్‌సెట్ గట్టెక్కొచ్చు. నాకు మాత్రం ఆ బొమ్మంటే చిరాకు.

నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు, 'నల్లగొండ టెక్నిక్' అని. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ దాన్ని 1970లలో తయారుచేసింది. నీళ్లలో సున్నం, పటిక కలిపితే పటికలోని అల్యూమినియం కాస్తా అల్యూమినియం హైడ్రాక్సైడ్ ముద్దలుగా మారి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది.

ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అవి రానప్పుడు బోరు నీళ్లు కాచి తాగుతామని కొందరు పిల్లలు చెప్పారు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ గిన్నెలో ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో అమ్మలకు చెప్పమన్నాను.