ప్రోడక్ట్ ఉంది కదా అన్నా, ఇది పిరమిడ్ ఎలా అవుతుంది?

మొన్న నాతో పనిచేసే తమ్ముడొకడు పక్కకి పిలిచి ఫోన్‌లో ఒక ప్లాన్ చూపించాడు. పైన ఒక గుండ్రం, దాని కింద రెండు, వాటి కింద నాలుగు, పక్కన నెలకి ఎంత వస్తుందో అంకెలు. "ఊరికే వద్దనకు అన్నా, మొత్తం విను" అని ముందే మాట తీసుకున్నాడు. మొత్తం విన్నాను. విన్నాక ఇది గొలుసుకట్టు స్కీమ్‌లా ఉందిరా అంటే పాపం బాధపడ్డాడు. "ప్రోడక్ట్ ఉంది కదా అన్నా, కంపెనీ రిజిస్టర్ అయింది, పన్ను కూడా కడుతున్నారు, ఇది పిరమిడ్ ఎలా అవుతుంది?" అన్నాడు. ఆ క్షణంలో నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే కొన్నేళ్ల క్రితం అచ్చంగా ఇదే మాట నేను మా పిన్ని కూతురితో అన్నాను, ఆ మాట నమ్మే తను నా కింద చేరింది.

అప్పుడు నేను చేరింది హెల్త్ సప్లిమెంట్లు అమ్మే ఒక కంపెనీలో. ఎనిమిది నెలలు ఉన్నాను. ఆ ఎనిమిది నెలల్లో నా దగ్గర డబ్బాలు కొన్న బయటివాళ్లు ఇద్దరే ఇద్దరు, వాళ్లు కూడా నా మీద మొహమాటంతో కొన్నారు, రెండోసారి అడగలేదు. మిగతావన్నీ నేనే కొన్నాను. ప్రతి నెలా ఇన్ని పాయింట్ల సరుకు కొంటేనే నా ఐడీ యాక్టివ్‌గా ఉంటుంది, ఐడీ యాక్టివ్‌గా ఉంటేనే కిందవాళ్ల మీద కమీషన్ వస్తుంది, అందుకని అవసరం లేకపోయినా కొంటూ పోయాను. నాకు వచ్చిన మొదటి కమీషన్ మా చెల్లి కట్టిన డబ్బులోంచి వచ్చింది. ఈ సంగతి అప్పుడు నాకు తట్టలేదు. మీటింగుల్లో అందరూ దాన్ని 'బిజినెస్ వాల్యూమ్' అనేవాళ్లు, ఆ పేరు పెట్టేసరికి అది చెల్లి జీతంలోంచి తీసిన డబ్బు అని కనబడకుండా పోయింది. తర్వాత ఆ డబ్బు నేను తిరిగి ఇచ్చేశాను కానీ తను తన స్నేహితురాళ్ల ముందు పడ్డ ఇబ్బందిని మాత్రం తీర్చలేకపోయాను.

అందుకే ఆ తమ్ముడికి అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నెట్‌వర్క్ మార్కెటింగ్ మొత్తం మోసం అని నేను అనను. ఒక మనిషి వస్తువు తీసుకెళ్లి ఇంకొకరికి అమ్మి లాభం తీసుకోవడం, తను పని నేర్పిన వాళ్లు అమ్మితే అందులో కొంత వాటా తీసుకోవడం, ఇందులో తప్పేమీ లేదు. చూడాల్సింది ఒక్కటే: పైకి వెళ్తున్న డబ్బు మొదట ఎవరి జేబులోంచి బయలుదేరింది? ఈ ప్లాన్ సంగతే తెలియని, కమీషన్ ఆశ లేని మనిషి ఆ వస్తువు నచ్చి కొన్న డబ్బు అయితే అది వ్యాపారం. చేరడానికి, చేరాక యాక్టివ్‌గా ఉండడానికి, పై ర్యాంకు అందుకోవడానికి చేరినవాళ్లే కట్టిన డబ్బు అయితే మధ్యలో డబ్బా ఉన్నా, చీర ఉన్నా, ఆన్‌లైన్ కోర్సు ఉన్నా అది పిరమిడే. ఎందుకంటే లోపలివాళ్ల డబ్బే లోపల తిరుగుతోంది, దాంట్లో కంపెనీ తన వాటా తీసుకున్నాక మిగిలింది పైవాళ్లు పంచుకుంటున్నారు. అలాంటప్పుడు అందరినీ కలిపి లెక్క వేస్తే నష్టం తప్ప ఇంకేం తేలుతుంది?

ఈ తేడాని అమెరికాలో వ్యాపార మోసాల నుంచి జనాన్ని కాపాడే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో కోస్కాట్ అనే సౌందర్య సాధనాల కంపెనీ కేసులో తేల్చి చెప్పింది. చేరేవాడు డబ్బు కట్టి రెండు హక్కులు కొనుక్కుంటాడు, ఒకటి సరుకు అమ్ముకునే హక్కు, రెండోది మనుషుల్ని చేర్పిస్తే ప్రతిఫలం పొందే హక్కు. ఆ ప్రతిఫలానికి, చివరగా వాడుకునేవాడికి సరుకు అమ్ముడుపోవడానికి సంబంధం లేకపోతే అది పిరమిడ్. గమనించండి, కోస్కాట్‌కి కూడా ప్రోడక్ట్ ఉంది. "ప్రోడక్ట్ ఉంది కదా" అనే వాదన యాభై ఏళ్ల క్రితమే చెల్లలేదు.

నాలుగేళ్ల తర్వాత, 1979లో, అదే కమిషన్ ఆమ్వే అనే నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ పిరమిడ్ కాదని చెప్పింది. ప్లాన్ చూపించేవాళ్లు ఈ తీర్పుని తెగ వాడుకుంటారు, దాంట్లో ఏముందో మాత్రం చెప్పరు. మనుషుల్ని చేర్పించినందుకు డబ్బు ఇవ్వకపోవడం, అమ్ముడుపోని సరుకు కంపెనీ వెనక్కి తీసుకోవడం, ఆ నెల కొన్న సరుకులో కనీసం 70 శాతం అమ్మి ఉండాలనే నియమం, నెలకి పదిమంది కస్టమర్లకైనా అమ్మినట్టు చూపించాలనే నియమం, వీటిని చూసి కమిషన్ అలా తేల్చింది. అదే తీర్పులో సరుకు ఏ ధరకి అమ్మాలో అమ్మేవాళ్లకి తనే బిగించినందుకు, ఆదాయం గురించి ఎక్కువ చేసి చెప్పినందుకు ఆ కంపెనీని తప్పు కూడా పట్టింది. ఆ తర్వాత చాలా కంపెనీలు ఈ నియమాలనే తమ కాగితాల్లో రాసుకుని మేం కూడా సక్రమమే అన్నాయి. 1996లో ఆమ్నిట్రిషన్ అనే ఇలాంటి కంపెనీ కేసులో అమెరికా అప్పీలు కోర్టు దానికి అడ్డుకట్ట వేసింది, నియమం కాగితం మీద ఉంటే చాలదు, అది నిజంగా అమలవుతోందా, దానివల్ల సరుకు నిజంగా బయటివాళ్లకి చేరుతోందా అన్నది చూడాలి అంది. నా ఎనిమిది నెలల్లో నన్ను ఒక్కసారి కూడా "ఎవరికి అమ్మావు?" అని అడిగినవాళ్లు లేరు. "ఈ వారం ఎంతమందిని తెచ్చావు?" అని మాత్రం వారం వారం అడిగారు. ఇప్పుడు ఆలోచిస్తే జవాబు అక్కడే ఉంది.

రిజిస్ట్రేషన్ సంగతి కూడా చెప్పేస్తాను. రిజిస్ట్రేషన్ కంపెనీ ఉందని చెబుతుంది, అది ఏం చేస్తోందో చెప్పదు. దేశాన్ని బట్టి చట్టాలు మారతాయి. చైనా 2005లో డైరెక్ట్ సెల్లింగ్‌ని, అంటే షాపు లేకుండా మనుషుల ద్వారా నేరుగా అమ్మడాన్ని అనుమతిస్తూనే, కిందవాళ్ల అమ్మకాల మీద అంచెలంచెలుగా కమీషన్ ఇవ్వడాన్ని కూడా నిషేధించింది. ఐరోపా సమాఖ్య అదే ఏడాది పిరమిడ్ స్కీములను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోని వ్యాపార పద్ధతుల జాబితాలో చేర్చింది. భారతదేశంలో మనీ సర్క్యులేషన్ స్కీములను, అంటే మనుషుల్ని చేర్పిస్తూ డబ్బు తిప్పే స్కీములను నిషేధించే చట్టం 1978 నుంచే ఉంది, 2021 చివర్లో వచ్చిన నిబంధనలు డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలు పిరమిడ్ నడపకూడదని సూటిగానే చెప్పాయి. మాటలు వేరైనా అన్నిచోట్లా పట్టుకున్న పాయింటు ఒకటే, మనిషిని తెచ్చినందుకు డబ్బు.

ఇక లెక్క. ప్లాన్ చూపించేటప్పుడు "నువ్వు ఆరుగురిని తెస్తే చాలు, ఆ ఆరుగురు తలా ఆరుగురిని తెస్తారు" అంటారు. వినడానికి ఎంత తేలిగ్గా ఉంటుందో! కాగితం, పెన్ను తీసుకుని మీరే వేయండి. 6, 36, 216, 1,296... అలా వెళ్తే పన్నెండో వరుసకి 217 కోట్ల మంది కావాలి, పదమూడో వరుసకి 1,306 కోట్ల మంది. భూమ్మీద ఉన్నదే 800 కోట్ల పైచిలుకు. అయితే నాకు అసలు భయం వేసింది ఈ పెద్ద అంకెలు చూసి కాదు. గొలుసు ఏ వరుస దగ్గర ఆగినా, ఐదో వరుసైనా పదో వరుసైనా, అప్పటిదాకా చేరినవాళ్లలో 83 శాతం మంది చిట్టచివరి వరుసలోనే ఉంటారు. వాళ్ల కింద ఎవరూ ఉండరు. దాని పై వరుసని కూడా కలిపితే 97 శాతం. అంటే ఆ చివరి వరుసవాళ్లు నష్టపోవడం బద్ధకం వల్ల కాదు, నమ్మకం చాలక కాదు, మీటింగ్‌కి రాకపోవడం వల్లా కాదు. ఆ బొమ్మ గీసిన రోజే వాళ్ల నష్టం అందులో ఉంది. "నువ్వు సరిగ్గా కష్టపడలేదు" అని మా చెల్లితో అన్న పైవాళ్ల మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

పోంజీ అనే మాట కూడా దీంతో కలిపి వాడేస్తుంటారు. 1920లో బోస్టన్‌లో చార్లెస్ పోంజీ 45 రోజుల్లో 50 శాతం లాభం ఇస్తానని డబ్బు తీసుకుని, కొత్తగా వచ్చినవాళ్ల సొమ్ము పాతవాళ్లకి ఇస్తూ పోయాడు. అక్కడ డబ్బు పెట్టి ఊరుకోవడమే, ఎవరినీ చేర్పించక్కర్లేదు. పిరమిడ్‌లో మనవాళ్లని మనమే తెచ్చి అప్పగించాలి. నాకు రెండోదే ఎక్కువ బాధగా అనిపిస్తుంది, డబ్బుతో పాటు బంధుత్వం కూడా ఖర్చయిపోతుంది కాబట్టి.

సరే, ఒక ప్లాన్ మన ముందుకు వచ్చింది. ఏం చూడాలి? నేనైతే ముందు ఆ వస్తువు ధర చూస్తాను. కమీషన్ మాట పక్కన పెట్టి, అదే రకం వస్తువు మామూలు షాపులో ఎంతకి దొరుకుతుందో చూడండి. రెండు మూడు రెట్లు ఎక్కువ ఉంటే, ప్లాన్‌లో లేనివాడు దాన్ని ఎందుకు కొంటాడు? ఎవరూ కొనరు. అప్పుడు చేరినవాళ్లే కస్టమర్లు. తర్వాత నెలనెలా కొనాల్సింది ఏమైనా ఉందా అని అడగండి. కొనుగోలు తప్పనిసరి కాదు, కమీషన్ కావాలంటేనే కొనాలి అంటారు, అది తప్పనిసరి చేయడమే. సరుకు వెనక్కి ఇస్తే డబ్బు ఇస్తారా, ఎన్ని రోజుల్లో, ఎంత కోసుకుంటారు అనేది నోటిమాటగా కాకుండా రాతలో చూడండి. చేరడానికే కిట్ పేరుతో పెద్ద మొత్తం కట్టమంటే, లేదా ఎక్కువ కడితే నేరుగా పై ర్యాంకులో కూర్చోబెడతామంటే, నా మటుకు అక్కడితో మాట అయిపోయినట్టే.

ఆదాయం గురించి చెప్పే మాటలు వేరే. స్టేజీ మీద కారు తాళం తీసుకున్న మనిషిని చూపిస్తారు, ఆ హాల్లో కింద కూర్చున్న మిగతావాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. కొన్ని కంపెనీలు ఎవరికి ఎంత వచ్చిందో ఏటా ఒక పట్టిక పెడతాయి, అడిగి తీసుకోండి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024లో అలాంటి 70 పట్టికలు పరిశీలించారు. వాటిలో ఎక్కువ కంపెనీల్లో ఎక్కువమందికి వచ్చింది ఏడాదికి 1,000 డాలర్లు, లేదా అంతకంటే తక్కువ. చాలా పట్టికల్లో ఖర్చులు తీసెయ్యలేదు, అసలేమీ రానివాళ్లని కొన్నిట్లో లెక్కలోకే తీసుకోలేదు. సరుకు ఖర్చు, మీటింగ్ టికెట్లు, తిరుగుళ్ల ఖర్చు పోగా మిగిలేది ఎంతో మీరే ఊహించుకోండి. నేను నా ఎనిమిది నెలల లెక్క చాలా ఆలస్యంగా రాసుకున్నాను, కమీషన్ అంతా కలిపినా నేను కొన్న డబ్బాల ఖరీదులో సగం కూడా లేదు.

అన్నీ తెల్లగానో నల్లగానో ఉండవని నాకు తెలుసు. 2016లో హెర్బలైఫ్ అనే పోషకాహార ఉత్పత్తుల నెట్‌వర్క్ కంపెనీ ఇదే కమిషన్‌తో 200 మిలియన్ డాలర్లకి రాజీ చేసుకుంది. కమిషన్ దాన్ని పిరమిడ్ అని ప్రకటించలేదు, మూసెయ్యమనీ అనలేదు. చేరినవాళ్లకి ఇచ్చే ప్రతిఫలం నిజమైన అమ్మకాల మీద ఆధారపడేలా అమెరికాలో ప్లాన్ మార్చుకోమంది. తర్వాతి ఏడాది దాదాపు 3,50,000 మందికి చెక్కులు పంపారు. అంటే నిజమైన వస్తువులు, నిజమైన కస్టమర్లు కొందరున్న చోట కూడా అంతమంది నష్టపోవచ్చు. అందుకే "ఇది చట్టబద్ధమేనా?" అనే ఒక్క ప్రశ్నతో ఆగిపోవద్దంటాను. "నేను ఎవరినీ చేర్పించకుండా ఒట్టి అమ్మకంతోనే బతకగలనా?" అని కూడా అడగండి. అవును అని నమ్మకంగా చెప్పగలిగితే చేరండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇదంతా నిన్న ఆ తమ్ముడికి కూర్చోబెట్టి చెప్పాను. ఈసారి తిట్టలేదు, వద్దనలేదు. వాళ్ల అప్‌లైన్‌లో, అంటే గొలుసులో తనకి పైన ఉన్న ఇద్దరి దగ్గర గత నెల సరుకు కొన్నవాళ్ల సంఖ్య అడగమన్నాను, అందులో ప్లాన్‌లో చేరనివాళ్లు ఎంతమందో వేరుగా చెప్పమన్నాను, అంతే. సాయంత్రం ఫోన్ చేశాడు. ఒకరేమో నెగటివ్‌గా ఆలోచించకు అన్నారట. రెండో ఆయన నిజాయితీగా లెక్క చూసి చెప్పారట, నలభై ఒక్క మంది కొన్నారు, వాళ్లలో చేరనివాళ్లు ముగ్గురు, ఆ ముగ్గురిలో ఒకరు వాళ్ల అమ్మగారు. "కిట్ ఇంకా విప్పలేదు అన్నా, వెనక్కి ఇవ్వడానికి ఇంకో పదకొండు రోజులు టైముంది" అన్నాడు. రేపు ఇద్దరం కూర్చుని కిట్ వెనక్కి తీసుకోమని కంపెనీకి లెటర్ రాయబోతున్నాం.