భుజం పట్టేసిన ఏడాది

నెల్లూరు పొగతోటలో డాక్టరు గారు ఎక్స్‌రే చూసి ఎముక బాగానే ఉందన్నారు. కుడి మోచెయ్యి నడుముకు ఆనించి, ముంజేతిని బయటికి తిప్పమన్నారు. తిరగలేదు. "చెయ్యి వదులుగా పెట్టండమ్మా" అని ఆయనే పట్టుకుని తిప్పబోయారు. నా కళ్లల్లో నీళ్లొచ్చాయి గానీ చెయ్యి మాత్రం తిరగలేదు. "కండరం తెగితే మీరు ఎత్తలేకపోయినా నేను ఎత్తితే లేస్తుంది. ఇది ఎవరు ఎత్తినా లేవదు" అంటూ చీటీ మీద ఫ్రోజెన్ షోల్డర్ అని రాశారు.

కీలు చుట్టూ ఉండే పొర వాచి, మందమై, బిగుసుకుపోతుందట. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువ, మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఎక్కువ, షుగర్ ఉంటే ఇంకా ఎక్కువ. ఈ మూడు లెక్కల్లోనూ నేనున్నాను. ముందు నొప్పి, తర్వాత బిగువు, ఆ తర్వాత నిదానంగా సడలడం. మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టొచ్చన్నారు. ఆ మాటకే సగం నీరసం వచ్చింది.

రాత్రుళ్ల సంగతి సరేసరి, ఆ పక్కకు ఒత్తిగిలితే చాలు మెలకువ. బడిలో బోర్డు కింది సగంలోనే రాసేదాన్ని. వెనక బెంచీ పిల్లలు "కనపడలా టీచర్" అని మెడలు సాచేవాళ్లు. పెన్నా బ్రిడ్జి దాటి కోవూరు పోయే బస్సులో పై కడ్డీ ఎడమ చేత్తోనే. జడ మా అమ్మాయి వేసేది, దాని ఇష్టమొచ్చినట్టు.

వీధిలో అందరిదీ ఒకటే మాట: "ఏందక్కా, పుత్తూరు పోయి కట్టు కట్టించుకోరాదా?" చెయ్యి నొప్పంటే మా వాళ్లకు పుత్తూరే గుర్తొస్తుంది. విరిగిన ఎముకకైతే కట్టు కావాలి. బిగుసుకుపోయిన భుజాన్ని ఇంకా కదలకుండా కట్టేస్తే ఏం బాగుపడుతుంది?

కీల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి తగ్గింది, కొద్దిరోజులు షుగర్ పెరిగింది. ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడలేదు. అసలు పని ఫిజియోథెరపీది.

ఆ ఫిజియో అమ్మాయి నన్ను అద్దం ముందు నిలబెట్టి చెయ్యెత్తమంది. ఎత్తాను, బాగానే లేచిందనుకున్నా. "మేడం, లేచింది చెయ్యి కాదు. భుజం చెవి దగ్గరికి పోయింది చూడండి" అంది. నిజమే. కీలు కదలకపోయేసరికి వెనకున్న రెక్క ఎముక పైకి లేచి ఆ పనంతా మీద వేసుకుంటోంది. మెడ ఎందుకు లాగేస్తోందో అప్పుడర్థమైంది. తను నా భుజం మీద అరచెయ్యి పెట్టి నొక్కిపట్టి మళ్లీ ఎత్తమంటే ఛాతీ ఎత్తుకు కూడా రాలేదు.

ముందు వేడి కాపడం. తర్వాత ఎడమ చేత్తో బల్ల పట్టుకుని వంగి, కుడి చెయ్యి కిందికి వేలాడేసి, ఒళ్లు ఊగుతుంటే చెయ్యి దానంతటదే సున్నాలు చుట్టాలి. మనం ఊపకూడదు, అదే కష్టం. గోడ మీద వేళ్లు పాకించి, అందిన చోట పెన్సిల్ గీత పెట్టేదాన్ని, పిల్లల ఎత్తు కొలిచినట్టు. పడుకుని కర్రతో ముంజేతిని బయటికి తోయడం మాత్రం చచ్చేంత విసుగు. ఒకేసారి గంట చేసేకన్నా రోజులో పలుమార్లు కాసేపు చెయ్యమంది. లాగినట్టుంటే ఫర్వాలేదు, కాసేపటికి సర్దుకోవాలి. రాత్రంతా సలిపితే మర్నాడు తగ్గించాలి. గట్టిగా లాగితే త్వరగా తగ్గుతుందని మా ఆయన సలహా. అదే చెప్తే, "సార్‌ని ఒకసారి తీసుకురండి మేడం, ఆయన చెయ్యి లాగి చూపిస్తా" అంది.

చెయ్యి ఎదురుగా ఎత్తడం ముందు వచ్చింది, పక్కకు ఎత్తడం చాలా తర్వాత. బోర్డు పై వరుస అందిన రోజు పిల్లలెవరూ పట్టించుకోలేదు. వీపు వెనక్కి పెట్టడం ఇంకా పూర్తిగా రాలేదు, తువ్వాలుతో లాగుతున్నా. ఇప్పుడు కిటికీ ఊచకు రబ్బరు బ్యాండు కట్టి బలం పెంచే వ్యాయామాలు. కొందరికి రెండో భుజానికీ వస్తుందట, షుగర్ అదుపులో పెట్టుకోమన్నారు. బ్యాండు మాత్రం రెండు చేతులతోనూ లాగిస్తున్నారు. మా ఆయన కూడా పక్కన నిలబడి లాగుతున్నారు, సలహాలు తగ్గాయి.