పారిస్ వాళ్ళ తీతువు పిట్ట

పోయినేడాది ఆన్‌లైన్‌లో ఒక పాత పక్షి బొమ్మ కొన్నాను. 1700ల నాటి ఫ్రెంచి ఎన్‌గ్రేవింగ్, చేత్తో రంగులు వేసింది అని రాశారు. ధర చూసి రెండు రోజులు టెన్షన్ పడ్డా చివరికి కొనేశాను, ఎందుకంటే అందులో ఉన్నది మన తీతువు. ముక్కు పక్కన పసుపు తోలు వేలాడుతూ, పొడుగాటి పసుపు కాళ్ళతో చెలకల్లో తిరుగుతుందే, అదే.

వచ్చాక భూతద్దం పెట్టి చూశాను. అన్నీ చుక్కలే! ఎరుపు, పసుపు, నీలం చుక్కలు, అంటే మన క్యాలెండర్ అచ్చేసే పద్ధతి.

అసలుదైతే అలా ఉండదు. రాగి రేకు మీద గీతలు చెక్కి, వాటిలో సిరా నింపి, పైపైన ఉన్న సిరా తుడిచేసి, తడి కాగితం పెట్టి గట్టిగా నొక్కుతారు. అందుకే కాగితం మీద రేకు అంచు లోతుగా పడి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఆ నల్ల గీతల మీద నీటి రంగులు కుంచెతో ఒక్కో కాగితానికీ విడివిడిగా వేయాలి. దాంతో ఏ రెండు కాపీలూ ఒక్కలా ఉండవు, ఒకదాంట్లో రెక్క ముదురు, ఇంకోదాంట్లో రంగు గీత దాటేసి ఉంటుంది. నాకు నచ్చేది ఆ గీత దాటడమే.

నేను కొన్నానని అనుకున్నది ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బుఫోన్ పక్షుల పుస్తకం కోసం పారిస్‌లో తయారైన వరసలోది. 1765 ప్రాంతంలో మొదలైంది. మొత్తం 1008 బొమ్మలు, అందులో 973 పక్షులే. చెక్కింది మార్టినే అనే ఆయన, పని చూసుకున్నది దోబంతోన్ అనే ఇంకొకాయన. రంగులు వేసినవాళ్ళు ఎనభై మందికి పైనే, బొమ్మల మీద మాత్రం వాళ్ళ పేర్లు ఉండవు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

బొమ్మ కింద పక్షి పేరు, ఎక్కడిదో మాత్రమే ఉంటాయి, అది కూడా ఒక్కోసారి తప్పే. 697వ బొమ్మలో జుట్టున్న నలుపు తెలుపు పక్షిని దక్షిణాఫ్రికాలోని కేప్ ఆఫ్ గుడ్ హోప్‌దని రాశారు, నిజానికి అది హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిది, 1800ల్లోనే అంతరించిపోయింది. మన తీతువుని మలబార్ తీరానిదన్నారు. 1783లో డచ్ వైద్యుడు బోడార్ట్ ఆ బొమ్మని బట్టే లాటిన్ పేరు పెట్టాడు కాబట్టి, తెలంగాణలో గుడ్లు పెట్టినా సరే దాని పేరులో మలబారే ఉంటుంది.

అమ్మినవాళ్ళు డబ్బు తిరిగివ్వలేదు. బొమ్మ హాల్లోనే ఉంది. మొన్న అమ్మ వచ్చి దాన్ని చూసి, "తీతువు కూస్తేనే మంచిది కాదంటారు, నువ్వు ఏకంగా గోడకి తగిలించావేందిరా" అంది. నకిలీదేలే అమ్మా అన్నాను.