కిరీటం కింద ఎన్

జర్మనీలో ఎర్ఫుర్ట్ నుంచి జూల్ వెళ్ళే రైలు బ్రాండ్‌లైటె సొరంగంలోకి దూరింది. 1884 నాటి సొరంగం, మూడు కిలోమీటర్ల పైచిలుకు చీకటి. ఫోన్‌లో సిగ్నల్ పోయింది. మళ్ళీ వెలుతురు వచ్చేసరికి రెండు వైపులా తురింగియా అడవి, సన్నటి వాన. స్పీకర్లో తర్వాతి స్టేషన్ పేరు చెప్పారు: త్సెల్లా-మేలిస్.

ఆ పేరు నాకు ఐదో తరగతి నుంచీ తెలుసు. అదొక ఊరని మాత్రం మొన్నమొన్నటిదాకా తెలీదు.

హనుమకొండలో మా తాతయ్య దగ్గర ఒక పాత పిస్టల్ ఉండేది. ఆయన ప్లీడరు. 1950ల్లో హైదరాబాద్‌ ఆబిడ్స్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. పాయింట్ టూటూ బోరు, వాల్తర్ కంపెనీ ఒలింపియా. వేట సరదా ఆయనకు లేదు, ఉన్నదల్లా గురి పిచ్చి. మామిడితోటలో మట్టిదిబ్బకు హార్లిక్స్ సీసా మూత గుచ్చి, పాతిక అడుగులు లెక్కపెట్టుకుని వెనక్కి నడిచి, చెయ్యి చాచి అలా నిలబడిపోయేవారు. ఎంతకీ పేల్చేవారు కాదు. మాకు విసుగొచ్చి మామిడికాయల మీదికి దృష్టి మళ్ళాక అప్పుడు 'టప్' మనేది.

ఆదివారం మంచం మీద పాత పంచె పరిచి దాన్ని విప్పేవారు. ముట్టుకునే హక్కు నాకు లేదు, చదివే హక్కు ఉండేది. ఇనుము మీద చెక్కిన అక్షరాలు కూడబలుక్కుని చదివేవాణ్ణి: వాఫెన్‌ఫాబ్రిక్ వాల్తర్, జెల్లా-మెహ్లిస్. అప్పటి నా నోటికి త్సెల్లా-మేలిస్ అలా పలికేది. దగ్గర్లోనే బియ్యపుగింజంత ముద్ర ఒకటి. పైన కిరీటం, కింద ఇంగ్లీషు 'ఎన్' అక్షరం. "తాతయ్యా, ఎన్ అంటే నిజామా?" అన్నాను. ఆయన నవ్వారే గానీ కాదనలేదు. ఇంకేం, బడిలో మా తాతకు నిజాం పిస్టల్ ఉందని ఊరంతా చాటాను.

ఎలక్షన్లు వస్తే దాన్ని గుడ్డసంచీలో పెట్టుకెళ్ళి పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకునేవారు. అన్ని రోజులూ ఇంట్లో ఎవరో ఊరెళ్ళినట్టు ఉండేవారు. తిరిగి తెచ్చుకున్నాక మొదటి పని, ముక్కు దగ్గర పెట్టుకుని తుప్పు వాసన చూడటం. 1996లో ఆయన పోయారు. లైసెన్స్ ఆయన పేరు మీదిది, నాన్నకు తుపాకులంటే గిట్టదు. డీలర్ దగ్గర ఉంచి, లైసెన్సున్న ఒకాయనకు అమ్మేశాడు. ఎంతకని నేను అడగలేదు.

అందుకే ఈ ప్రయాణం. ఇక్కడ మా ఇంటి ఓనరుగారి అన్న ఒకాయన జూల్‌లో ఉంటారు. డెబ్బై దాటాయి. తూర్పు జర్మనీ రోజుల్లో అక్కడి ఫ్యాక్టరీలో సిమ్సన్ మోపెడ్లు తయారుచేసినాయన, సాయంత్రాలు షూటింగ్ క్లబ్బు. క్రిస్మస్ భోజనాల దగ్గర మాటల్లో మా తాతయ్య పిస్టల్ గురించి చెబితే, వానలు తగ్గాక రమ్మన్నారు. వానలు తగ్గలేదు గానీ నేనే ఆగలేకపోయాను.

పెద్దాయన స్టేషన్‌లో గొడుగుతో ఉన్నారు. త్సెల్లా, మేలిస్ అని రెండు ఊళ్ళుండేవట, 1919లో కలిపేశారు. కార్ల్ వాల్తర్ 1886లో తుపాకుల పని మొదలుపెట్టింది ఇక్కడే. మనకు పోచంపల్లిలో ఏ ఇంట్లో విన్నా మగ్గం చప్పుడు వినిపించినట్టు, ఈ కొండల్లో ఒకప్పుడు ప్రతి సందులో ఆకురాయి చప్పుడే అట. ఇప్పుడంతా నిశ్శబ్దం. ఒక బేకరీ, ఒక ఫార్మసీ, వానలో కుక్కను తిప్పుతున్న ఒకావిడ.

పాత బెషుస్‌అన్‌స్టాల్ట్‌నే ఊరి మ్యూజియంగా మార్చారు. తయారైన ప్రతి తుపాకీనీ మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి చూసే చోటది. పగలకపోతే ముద్ర, పగిలితే పాత ఇనుము కింద లెక్క. మొదటి గదిలో ఉన్న పనిముట్లన్నీ పైపైన చూసి వచ్చేశాను. నా కళ్ళు వెతుకుతున్నది వేరు.

గాజు వెనక కనిపించింది. ఒలింపియా. పొడుగాటి బారెల్, గీతలు చెక్కిన కర్రపిడి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ర్యాపిడ్ ఫైర్ పోటీలో కోర్నేలియుస్ వాన్ ఓయెన్ బంగారం, హైన్‌ట్స్ హాక్స్ వెండి, ఇద్దరూ జర్మన్లే. ఆ ఒలింపిక్స్ పేరే దీనిది. యుద్ధం అయ్యాక ఈ ప్రాంతం సోవియట్ల చేతికి వెళ్ళడం, వాల్తర్ కుటుంబం పశ్చిమాన ఉల్మ్‌లో మళ్ళీ మొదలుపెట్టడం, స్విట్జర్లాండ్‌లో హెమ్మర్లీ వాళ్ళు లైసెన్సు తీసుకుని ఇదే పిస్టల్‌ను చెయ్యడం, అదంతా తర్వాతి కథ. నేను మాత్రం ముక్కు గాజుకు ఆనించి బియ్యపుగింజ కోసం వెతికాను. ఉంది. కిరీటం, కింద ఎన్.

"ఆ ఎన్ ఏమిటి?" అని అడిగాను.

"నైట్రో," అన్నారు పెద్దాయన. పొగరాని మందుతో పరీక్ష పాసైందని గుర్తు. 1940 ప్రాంతంలో కిరీటం తీసేసి గద్దను పెట్టారట.

నిజాం ఒక్క మాటతో పోయాడు. నవ్వొచ్చింది, కొంచెం దిగులేసింది కూడా.

జూల్ అక్కడికి దగ్గరే. బజారు మధ్యలో సుత్తి పట్టుకున్న ఆయుధాల కమ్మరి విగ్రహం, కాస్త దూరంలో ఇంకో మ్యూజియం. అది చూసే ఓపిక నాకు లేదు. సరాసరి కొండ మీది షూటింగ్ రేంజ్‌కు వెళ్ళాం. జూనియర్ ప్రపంచకప్పులు జరిగే ఊరిది. 2022లో మన హైదరాబాద్ పిల్ల ఈషా సింగ్, సౌరభ్ చౌధరీతో కలిసి పది మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్ బంగారం కొట్టింది ఇక్కడే. పెద్దాయనకు పేరు గుర్తులేదు గానీ "మీ పిల్లలు చాలా స్థిమితంగా ఉంటారు" అన్నారు. నాకెందుకో నన్నే అన్నంత గర్వం.

తాళం వేసిన పెట్టెలోంచి ఆయన తన పిస్టల్ తీశారు. సోవియట్ల తూలాలో తయారైన టోజ్-35. ఫ్రీ పిస్టల్ అంటారు. యాభై మీటర్లు, ఒక్కసారికి ఒక్క గుండు, అరవై గుళ్ళు. పది పాయింట్ల వలయం అడ్డం యాభై మిల్లీమీటర్లు, అంటే మా తాతయ్య హార్లిక్స్ మూత కంటే చిన్నది. పిడి అక్రోటు కర్ర. ఆయన అరచేతికి సరిపోయేలా చెక్కుకుని, తక్కువైన చోట పుట్టీ పెట్టి మళ్ళీ అరగదీసుకున్నారు. బొటనవేలి గుంటలో కర్ర నల్లబడి నిగనిగలాడుతోంది, రుబ్బురోలు పొత్రం పట్టుకునే చోటులాగా. నా చెయ్యి అందులో పెడితే వేరేవాళ్ళ చెప్పుల్లో కాలు పెట్టినట్టుంది.

"ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, నేను చెప్పేదాకా," అన్నారు. ఆయన చెప్పారు, నేను పెట్టాను. నొక్కలేదు, ఒట్టు. అది కొన్ని గ్రాములకే కదిలే ట్రిగ్గర్. నేను ఊపిరి బిగబట్టేలోపే పేలిపోయింది. గుండు ఇసుకలోకి పోయింది. ఆయన ఏమీ అనలేదు, ఇంకో గుండు అందించారు. ఐదింటిలో ఒకటి ఆరు వలయంలో పడింది. తాతయ్య అంతసేపు ఎందుకు నిలబడేవారో అప్పుడు భుజానికి తెలిసింది.

తూర్పు జర్మనీలో ఇవి క్లబ్బు సొత్తు, ఇంటికి తీసుకెళ్ళనిచ్చేవారు కాదట. దేశం కలిసిపోయాక, తాను ఏళ్ళ తరబడి పేల్చినదాన్నే కొనుక్కున్నారు. 1976 మాంట్రియల్‌లో వాళ్ళ ఊవె పొట్టెక్ 573 పాయింట్ల ప్రపంచ రికార్డుతో బంగారం గెలిచింది ఈ పోటీలోనే. రియో తర్వాత ఒలింపిక్స్‌లోంచి దీన్ని తీసేశారు.

"దీని ధర ఎంతుంటుంది?"

ఆయన భుజాలెగరేశారు. డీలర్‌కు చూపిస్తే మూడొందల యూరోలు అన్నాడట. కొడుక్కి షూటింగ్ రాదు. అలాంటి వారసుడికి ఇక్కడి చట్టం ప్రకారం పిస్టల్ దక్కాలంటే బారెల్‌లో తాళం బిగించాలి. ఆ బిగింపు ఖర్చే బోలెడు. "వాడు పడేస్తాడు," అన్నారు, వాన గురించి చెప్పినంత మామూలుగా.

మన దగ్గర సంగతి తలకిందులు. 1980ల్లో మామూలు జనానికి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోయాక, పాతదేదైనా లక్షల మాటే. అదే ఇనుము, జర్మనీలో అల్మరాకు బరువు, మన దగ్గర పెళ్ళినగ. మరి నాన్న ఎంతకమ్మాడు?

తిరుగు రైల్లో సొరంగం దాటాక నాన్నకు ఫోన్ చేశాను. అక్కడ రాత్రి పదిన్నర. ఒలింపియా చూశానని, ఆ ఎన్ నిజాం కాదని, నైట్రో అని చెప్పాను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. "ఇప్పుడెందుకురా ఆ సంగతి," అన్నాడు తర్వాత. "కొన్నాయన భూతద్దం తెచ్చుకుని మరీ చూశాడు ఆ ముద్ర. నేను చెప్పిన రేటు మీద ఐదువేలు వేసిచ్చాడు."

"నిజాందని నువ్వు చెప్పావా?"

"నేనెందుకు చెప్తా? ఆయనే అడిగాడు, నిజాందా అని. మీ తాతయ్య లెక్కనే నవ్విన."