శనగగింజంత రాయి

నన్ను కింద పడేసినది శనగగింజంత రాయి. విజయవాడ సత్యనారాయణపురంలో మా వీధి చివర, ఉదయం ఆరు కూడా కాలేదు. సాఫీగా సాగుతున్న నా స్కేట్‌బోర్డు ఆ రాయి తగలగానే ఉన్నచోటనే నిలిచిపోయింది. నేను ముందుకు వెళ్లి అరచేతుల మీద పడ్డాను. కుడి మణికట్టు బెణికింది. మూడు వారాలు చెంచాతో అన్నం తిన్నాను, ఆఫీసులో ఎడమ చేత్తో లెక్కలు వేశాను.

పడిన చోట వెతికి ఆ రాయిని తీసుకుని ఇంటికి తెచ్చాను. ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఆ తర్వాత ఆరు నెలల పాటు నేను చదివినదీ, కొలిచినదీ, చివరికి కొన్నదీ దాని వల్లనే.

నాకు ముప్పై రెండేళ్లు. గవర్నరుపేటలో ఒక ఆడిటరు దగ్గర ఉద్యోగం, రోజుకు తొమ్మిది గంటలు కుర్చీలోనే. రెండేళ్ల క్రితం ఒక ఆదివారం అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు మీద సైకిలు తొక్కుతుంటే, నడివయసు మనిషి ఒకాయన పొడవాటి చెక్క మీద నిలబడి, ఎడమకూ కుడికీ మెల్లగా ఒరుగుతూ నన్ను దాటి వెళ్లాడు. గెంతులు లేవు, విన్యాసాలు లేవు. ఊరి బయట కాలువ మలుపులు తిరిగినట్టు తిరుగుతూ వెళ్లిపోయాడు. అంత ప్రశాంతంగా కదిలే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. నాకూ అది కావాలనిపించింది.

ఆయనను ఆపి నాలుగు మాటలు అడగవలసింది. అడగలేదు. ఇంటికి వచ్చి ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొన్నాను. 1,700 రూపాయలు. ప్రకటనలో లాంగ్‌బోర్డు అనే, అంటే ఆయనది లాంటి పొడవాటి స్కేట్‌బోర్డు అనే రాసి ఉంది. వచ్చినది 31 అంగుళాల బోర్డు, దాని కింద 50 మిల్లీమీటర్ల గట్టి ప్లాస్టిక్ చక్రాలు. రెండు కొనలూ పైకి లేచిన ఆ ఆకారం మెట్ల మీద, కమ్మీల మీద గెంతడానికి పుట్టినది. స్కేట్ పార్కులోని నున్నటి నేల మీద చిన్న గట్టి చక్రాలే మేలు: తేలికగా ఉంటాయి, కావలసినప్పుడు జారుతాయి. మా వీధిలో మాత్రం ఏ చిన్న రాయి తగిలినా ఆగిపోతాయి.

చెయ్యి కట్టులో ఉన్న మూడు వారాలూ చదువుతూ కూర్చున్నాను. 1960లలో అమెరికాలో బోర్డులకు మట్టితో చేసిన చక్రాలు వాడేవారట. గులకరాయి తగిలితే చాలు, బోర్డు ఆగిపోయి మనిషి ఎగిరిపడేవాడు. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్దీ అనే యువకుడు రోలర్ స్కేట్ల కోసం యురిథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్‌తో చేసిన చక్రాలను తన బోర్డుకు బిగించి చూశాడు. అవి నేలను పట్టుకున్నాయి, రాయిని దాటాయి. తర్వాత వాటినే కాడిలాక్ అనే పేరుతో అమ్మాడు. వీధిలో బోర్డు నడపడం మళ్లీ ఊపందుకున్నది ఆ చక్రాలతోనే. అది చదివినప్పుడు నా చెయ్యి బెణికినందుకు ఉన్న బాధ కొంత తగ్గింది. నేను పడిన కారణంతోనే నాకు అరవై ఏళ్ల ముందు ఎందరో పడ్డారు, దానికి ఒకరు మందు కనిపెట్టారు.

ఏ బోర్డు మంచిదని వెతకడం అక్కడితో మానేశాను. నేను నడపబోయే నేల ఎలాంటిదో ముందు చూడాలనుకున్నాను. నోటుపుస్తకం పట్టుకుని నాలుగు ఉదయాలు తిరిగాను. మా వీధి సిమెంటు రోడ్డు. తడిగా ఉండగా చీపురుతో గీసిన గరుకు, కొన్ని అడుగులకొకసారి అడ్డంగా గాడి. బీఆర్‌టీఎస్ రోడ్డు తారుది. దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది కానీ అరచేయి ఆనించి చూస్తే తారు అరిగి కంకర తేలిన చోట్లు చాలా ఉన్నాయి. 2016 పుష్కరాలకు విస్తరించిన పద్మావతి ఘాట్‌లో పలకల మధ్య సందులు. సీడ్ యాక్సెస్ రోడ్డు ఒక్కటే నిజంగా నునుపు, అక్కడికి వారానికి ఒకసారి తప్ప వెళ్లలేను. అంటే నాకు కావలసిన బోర్డు వారంలో ఆరు రోజులు గరుకు నేల మీద నడవాలి.

అందుకే ముందు చక్రాలను ఎంచుకున్నాను, బోర్డు తర్వాత. ఎడ్లబండి చక్రం దాటే గట్టును పిల్లల మూడు చక్రాల బండి దాటలేదు. చక్రం పెద్దదైన కొద్దీ రాయి దాని అడుగుకు దగ్గరగా తగులుతుంది కాబట్టి ఎక్కి దిగగలదు. చిన్న చక్రానికి అదే రాయి గోడలా అడ్డం నిలుస్తుంది. లాంగ్‌బోర్డు చక్రాలు సాధారణంగా 65 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా ఉంటాయి. రెండోది మెత్తదనం. చక్రం మీద 78ఏ, 85ఏ, 99ఏ అని అచ్చు వేసి ఉంటుంది. అది గట్టిదనపు కొలత, అంకె పెరిగితే గట్టిదనం పెరుగుతుంది. 99ఏ చక్రం గరుకు నేలలోని ప్రతి గీతనూ మోకాళ్ల దాకా పంపుతుంది. 78ఏ దగ్గరి చక్రం కొంచెం నొక్కుకుని ఆ గరుకును తనలోనే ఉంచుకుంటుంది. నా పుస్తకంలో 70 మిల్లీమీటర్లు, 78ఏ అని రాసి కింద రెండు గీతలు గీశాను.

బోర్డు ఆకారం దగ్గర నా మనసు అంత నిలకడగా లేదని ఒప్పుకోవాలి. వెనుక కొన సన్నగా తేలి, తెడ్డులా ఉండే పిన్‌టెయిల్ బోర్డులంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. వాటిలో ట్రక్కులు, అంటే చక్రాలను మోసే లోహపు ఇరుసులు, పలక కింద బిగించి ఉంటాయి. డ్రాప్‌త్రూ అనే రకంలో పలకకు రంధ్రం చేసి ట్రక్కును అందులోంచి దూర్చి బిగిస్తారు. దాంతో నిలబడే చోటు కిందికి దిగుతుంది. ఈ తేడా ఎంతదో కాగితం మీద తెలియలేదు.

హైదరాబాదులో తెలిసింది. అక్కడ ఉద్యోగం చేసే మా తమ్ముడు, విదేశానికి వెళ్లిపోతూ తన బోర్డులు రెండూ అమ్మేస్తున్న ఒకతని సంగతి చెప్పాడు. శాతవాహన ఎక్కి వెళ్లాను. ఒకటి 44 అంగుళాల వెదురు పిన్‌టెయిల్. దాని మీద తేనె రంగు వార్నిషు, అలల బొమ్మ. రెండోది 38 అంగుళాల మేపుల్ డ్రాప్‌త్రూ, అంచులు రాచుకుపోయి, కాలు జారకుండా పైన అంటించే గరుకు గ్రిప్ కాగితం ఒక మూల లేచి ఉంది. మొదటిదాన్ని చూడగానే డబ్బు తీయబోయాను. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని, “అక్కా, ముందు రెండూ ఎక్కి చూడు” అన్నాడు.

ఆ అపార్టుమెంటు కింద పార్కింగులో గంట సేపు చూశాను. పిన్‌టెయిల్ మీద నిలబడి ఒక కాలు నేలకు దించి తోయాలంటే, బోర్డు మీద ఉన్న మోకాలు బాగా వంగాలి. పదిసార్లు తోసేసరికి తొడ మండింది. డ్రాప్‌త్రూ మీద కాలు నేలకు సులువుగా అందింది, ఇరవైసార్లు తోసినా ఊపిరి మామూలుగానే ఉంది. రోజూ బోర్డును తోసుకుంటూ పోవలసిన మనిషికి ఆ కాస్త ఎత్తు తేడా చాలా పెద్ద విషయం. తర్వాత రెండింటినీ బోర్లించి చూశాను. పిన్‌టెయిల్ అడుగున, చక్రానికి సరిగ్గా పైన, నల్లగా రాసుకున్న మచ్చ ఉంది. బాగా ఒరిగి మలుపు తీసుకున్నప్పుడు చక్రం పలకకు తగిలి బిగుసుకుపోయిందన్న మాట. అలా జరిగితే శనగగింజంత రాయి కూడా అక్కర్లేదు. దాన్ని వాడిన అబ్బాయి నాకన్నా పాతిక కిలోలు ఎక్కువ, నాకు అది జరగకపోవచ్చు. కానీ డ్రాప్‌త్రూలో చక్రాల పైన పలకే కోసి ఉంది, తగలడానికి అక్కడ చెక్క లేదు.

మేపుల్ బోర్డు కొన్నాను. 5,500 రూపాయలు. వెదురు బోర్డు అందం ఇప్పటికీ కళ్లలో ఉంది, ఆ మాట దాచను. పాతది కొనేవారు అంచులను వేలితో తడిమి చూడాలి: పొరలు విడిపోతూ ఉంటే గోరుకు తగులుతుంది. బోల్టుల చుట్టూ సన్నని చీలికలు ఉన్నాయేమో చూడాలి. చక్రాన్ని నెమ్మదిగా తిప్పి, ఒకచోట చదునుగా అరిగిందేమో చూడాలి. అరిగితే ప్రతి చుట్టుకూ టకటకమంటుంది. గీతలకూ రంగు పోయినదానికీ భయపడనక్కర్లేదు.

ఏ కాలు ముందు పెట్టాలో తెలియక బోర్డు కొనడానికి వెనుకాడేవారుంటారు. నేను కళ్లు మూసుకుని నిలబడి, చెప్పకుండా వెనుక నుంచి తోయమని అమ్మను అడిగాను. “ముప్పై ఏళ్లు దాటాక ఇదేమి ఆటే” అంటూనే తోసింది. కుడి కాలు ముందుకు పడింది. కుడి కాలు ముందు పెట్టి నిలబడేవారిని గూఫీ అంటారు, ఎడమ కాలు ముందు పెడితే రెగ్యులర్. నా బోర్డు రెండు కొనలూ ఒకేలా ఉంటుంది కాబట్టి ఎలా నిలబడినా తేడా లేదు.

బేరింగులు తుప్పు పట్టి ఉన్నాయి. ఒక్కో చక్రానికి రెండు, మొత్తం ఎనిమిది. ఆన్‌లైన్‌లో చూస్తే అబెక్ 7, అబెక్ 9 అని అంకెలు, వాటిని బట్టి ధరలు. వాటి మీద 608 అని కూడా ఉంది. అంటే లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి చుట్టు 22, మందం 7. అది స్కేటింగుకే పరిమితమైన కొలత కాదు, చిన్న మోటార్లలోనూ వాడతారు. మోటార్ల మాట వినగానే విజయవాడ మనిషికి ఆటోనగర్ గుర్తుకు రావాలి కదా.

దుకాణంలో పెద్దాయన తుప్పు పట్టిన బేరింగును వేలికి తొడిగి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. “ఏ మిషనుకమ్మా?” అన్నాడు. బోర్డు తీసి చూపించాను. చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, ఎంత వేగంతో వెళతానని అడిగాడు. గంటకు పదిహేను కిలోమీటర్లు అన్నాను. ఇద్దరం అక్కడే కాగితం మీద లెక్క కట్టాం. 70 మిల్లీమీటర్ల చక్రం చుట్టుకొలత సుమారు 22 సెంటీమీటర్లు, కాబట్టి నిమిషానికి దాదాపు 1,140 చుట్లు. “ఇంట్లో నీళ్ల మోటారు 2,800 తిరుగుతుందమ్మా. నీకు వేగం సంగతి అక్కర్లేదు, దుమ్ము సంగతి చూసుకో” అని, రెండు వైపులా రబ్బరు మూత ఉన్న 608లు ఎనిమిది తీసి ఇచ్చాడు. అబెక్ అంకె చెప్పేది బేరింగు ఎంత ఖచ్చితమైన కొలతతో తయారైందన్నదే. మా దుమ్ములో రబ్బరు మూతే ముఖ్యమన్న ఆయన మాట సరైనదని ఎనిమిది నెలలుగా చూస్తున్నాను.

బిగించేటప్పుడు పాత చక్రంలోని రెండు బేరింగుల మధ్య ఉండే చిన్న గొట్టాన్నీ, ఇరుసు మీది పలుచటి వాషర్లనూ పారేయకూడదని కూడా ఆయనే చెప్పాడు. బోర్డు నట్లు అంగుళాల కొలతలో ఉంటాయి. ఇరుసు నట్టు అర అంగుళం, దానికి మన 13 రెంచి సరిపోతుంది. ట్రక్కు మధ్యలోని పెద్ద బోల్టును కింగ్‌పిన్ అంటారు; దాని నట్టు 9/16 అంగుళం, 14 రెంచి దానికి ఎక్కదు. ఆయన దగ్గర అంగుళాల సెట్టు ఉంది.

ఆ కింగ్‌పిన్ నట్టే చివరి అడ్డంకి. మొదటి వారం బోర్డు తిరగనే లేదు. నేను ఎంత ఒరిగినా నిటారుగానే పోయింది. తప్పు నాదేననుకుని కుంగిపోయాను. తర్వాత తెలిసింది: ట్రక్కులో బుష్షులని రెండు యురిథేన్ ముక్కలుంటాయి, మలుపు ఎంత మెత్తగా ఉండాలో నిర్ణయించేవి అవే. ముందు యజమాని బరువుకు సరిపోయే గట్టి బుష్షులు అందులో ఉన్నాయి. 54 కిలోల నేను వాటిని నొక్కలేకపోయాను. నట్టును పావు చుట్టు చొప్పున వదులు చేసుకుంటూ, ప్రతిసారీ వీధి చివరిదాకా వెళ్లి వచ్చాను. మూడో పావు చుట్టుకు కొద్దిగా తిరిగింది. ఇంకా వదులు చేస్తే వేగంలో ట్రక్కు వణుకుతుందని అక్కడ ఆపి, మెత్తని బుష్షులు తెప్పించుకున్నాను. వాటిని వేసిన రోజు మా వీధి మలుపు దగ్గర ఏమీ చేయకుండానే, చూపు తిప్పితే చాలు, బోర్డు తిరిగింది. అక్కడే ఆగి చాలా సేపు నిలబడిపోయాను.

హెల్మెట్, మణికట్టు రక్షణ లేకుండా ఇప్పుడు బోర్డు ఎక్కను. వెనుక కాలి అడుగును నేలకు మెల్లగా ఆనించి ఆపడం నేర్చుకున్న తర్వాతే బీఆర్‌టీఎస్ రోడ్డుకు వెళ్లాను, అదీ వాహనాలు మొదలుకాకముందు.

పోయిన ఆదివారం సీడ్ యాక్సెస్ రోడ్డు మీద ఆగి నీళ్లు తాగుతుంటే, తండ్రితో సైకిలు మీద వచ్చిన ఒక పదేళ్ల పాప నా బోర్డు చుట్టూ రెండుసార్లు తిరిగింది. ఒకసారి ఎక్కించి, చెయ్యి పట్టుకుని పది అడుగులు నడిపించాను. దిగగానే, “అక్కా, ఇలాంటిది నేను కొనాలంటే ఏది కొనాలి?” అని అడిగింది.

“మీ వీధి సిమెంటా, తారా?” అన్నాను.

కాసేపు ఆలోచించి, “సిమెంటే అక్కా. కానీ మా ఇంటి ముందు నీళ్ల పైపు కోసం తవ్వి ఇంకా పూడ్చలేదు” అంది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి, అక్కడి నుంచి రాసి ఇవ్వడం మొదలుపెట్టాను.