అర్జునుడి జెండాకు కర్టెన్ కర్ర

మా అబ్బాయి స్కూల్లో కురుక్షేత్రం నాటకం. అర్జునుడి రథానికి జెండా కుట్టే పని నా మీద పడింది. సికింద్రాబాద్ జనరల్ బజార్లో ఎర్ర శాటిన్ చూపించమంటే, "అంచు పోగులు ఊడిపోతాయమ్మా, కాటన్ తీసుకోండి" అన్నాడు కొట్టాయన. వింటేగా! మెరుపు చూసి శాటినే కొన్నా.

రాత్రి మిషన్ ముందు కూర్చుంటే పోగులే పోగులు. అప్పుడు గుర్తొచ్చింది, మాస్కో పుష్కిన్ మ్యూజియంలోని రోమన్ సైనిక జెండా. ఈజిప్టులో దొరికింది, క్రీ.శ. 3వ శతాబ్దం నాటిది. అవిసె నారతో నేసిన లినెన్, అటూ ఇటూ దాదాపు 50 సెంటీమీటర్లు, అంతే. ఎర్ర రంగు బట్ట మీద బంగారు రంగులో విజయదేవత, కింది అంచుకు కుచ్చులు. రోమన్లు ఇలాంటి జెండాను అడ్డకర్రకు కర్టెన్‌లా వేలాడదీసేవారు. గాలి లేకపోయినా బొమ్మ కనబడుతుంది!

పట్టు జెండాలూ ఉండేవి. క్రీ.పూ. 53లో రోమన్లతో జరిగిన కారే యుద్ధంలో ఇరాన్ ప్రాంతపు పార్థియన్ల జెండాలు బంగారంతో, పట్టుతో మెరిశాయని రోమన్ చరిత్రకారుడు ఫ్లోరస్ రాశాడు. నా పాలిస్టర్ శాటిన్‌కి ఆ యోగం లేదు లెండి.

పాత కర్టెన్ కర్ర కోసి అడ్డంగా కట్టాను. స్టేజీ మీద ఫ్యాన్ లేదు. హనుమంతుడు మాత్రం చివరి వరుసకీ కనిపించాడు.