నడుం నొప్పి, పదకొండు సూదులు

రెండేళ్ళ కిందట రంజాన్, ఉగాది దగ్గర దగ్గరగా వచ్చాయి. కడపలో టైలర్లకు అంతకు మించిన సీజన్ లేదు. వైవీ స్ట్రీట్‌లో గుడ్డ కొన్నవాళ్ళు కొన్నట్టే మా ఇంటికి వచ్చేవాళ్ళు. పొద్దున ఏడింటికి మిషన్ ముందు కూర్చుంటే రాత్రి పదకొండుకు లేచేదాన్ని. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న పనే కదా అని నడుం లాగుతున్నా పట్టించుకోలేదు. పండగ అయిన నాలుగో రోజు, కింద పడిన బాబిన్ తీసుకుందామని వంగాను. నడుంలో కరెంటు కొట్టినట్టయింది. ఆ మంట పిరుదు మీదుగా తొడ వెనక్కి, అక్కణ్ణుంచి పిక్క బయటి వైపుగా దిగి కుడికాలి బొటనవేలి దాకా పాకింది. మా ఆయన, మా పాప చెరో రెక్క పట్టుకుని నన్ను మంచం మీదికి చేర్చారు.

ఆ మూడు వారాలు తలచుకుంటే ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. దగ్గితే కాల్లోకి మంట, తుమ్మితే మంట. ఒక పక్కకు తిరిగి, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుంటే గంటో గంటన్నరో నిద్ర. బొటనవేలు నాది కానట్టు తిమ్మిరి. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుం పట్టు వదులుతుందని మా పెద్దమ్మ ఒక పిల్లవాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. నర్సింగ్ చదువుతున్న మా పాప అడ్డం నిలబడింది. "ముందు స్కాన్ తీయిద్దాం పెద్దవ్వా, లోపల ఏముందో తెలీకుండా ఎవురూ కాలు పెట్టొద్దు" అంది. అది అలా అనబట్టే బతికిపోయానని ఇప్పుడు అనిపిస్తుంది.

ఎమ్మారైలో తేలింది ఇదీ: నడుం దగ్గర నాలుగు, ఐదు పూసల మధ్య డిస్క్ ఉబ్బి కుడికాల్లోకి దిగే నరాన్ని నొక్కుతోంది. ఎముకల డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు. ఆపరేషన్ అక్కర్లేదు, చాలామందికి 6 నుంచి 12 వారాల్లో దానంతటదే తగ్గుతుందన్నారు. "మూత్రం రాకుండా ఆగిపోయినా, తెలియకుండా పోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా అర్ధరాత్రి అయినా సరే పెద్దాసుపత్రికి రండి" అని రెండుసార్లు చెప్పారు. నేను దాన్ని కాగితం మీద రాసి మిషన్ పక్క గోడకు అంటించుకున్నాను. నడుం నొప్పి ఉన్న ప్రతి ఒక్కరి ఇంట్లో ఉండాల్సిన కాగితం అది.

మాత్రలతో నొప్పి సగం తగ్గింది, కడుపులో మంట రెట్టింపయింది. నరాల మాత్రకు పగలంతా మత్తు. కత్తెర పట్టుకుని గుడ్డ ముందు నిలబడాలంటే భయమేసేది. అప్పుడే ఎవరో ఆక్యుపంక్చర్ మాట ఎత్తారు, ఒంట్లో సన్నటి సూదులు గుచ్చి చేసే చైనా వైద్యం.

మొదట వెళ్ళినచోట స్కాన్ కవరు తెరిచి కూడా చూడలేదు. మాత్రలన్నీ ఆపేయమన్నాడు. షుగర్, థైరాయిడ్ కూడా పోతాయన్నాడు. ఇరవై సిట్టింగులకు డబ్బు ముందే కట్టమన్నాడు. నాకు షుగర్ లేదు, కానీ ఆ వరండాలో కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి ఉందో, ఎంతమంది మాత్రలు మానేశారో అని ఇప్పటికీ దిగులు. మేం లేచి వచ్చేశాం.

రెండోచోట ఒక మేడమ్. ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ చేసినామె. ఆ చదువులో ఆక్యుపంక్చర్ ఒక సబ్జెక్టట. ఆమె స్కాన్‌ను వెలుతురుకు పెట్టి చూసింది. మడమల మీద, మునివేళ్ళ మీద నడిపించింది. రక్తం పలచబడే మందులు వాడుతున్నానా, గుండెలో పేస్‌మేకర్ ఉందా, గర్భం ఏమైనా ఉందా అని అడిగింది. డాక్టరిచ్చిన మాత్రలు ఆపొద్దని, తగ్గించాలంటే ఆయన్నే అడగమని చెప్పింది. నా నమ్మకం అక్కడే కుదిరింది.

సూది అంటే నాకు తెలుసనుకున్నాను. జాకెట్లకు నేను వాడే 14 నంబరు మిషన్ సూది 0.9 మిల్లీమీటర్ల మందం, పలచటి గుడ్డకు వేసే 11 నంబరు 0.75. మేడమ్ నా ముందే ప్యాకెట్ చించి ఒకటి నా అరచేతిలో పెట్టింది: 0.25. బెజ్జం లేదు. ఇంజెక్షన్ సూదిలా లోపల బోలుగా కూడా ఉండదు, నిండు కడ్డీ. దాని మొన చూశాక నాకు బనియన్ గుడ్డకు వాడే సూది గుర్తొచ్చింది. ఆ సూది మొన కొద్దిగా గుండ్రంగా ఉంటుంది, పోగుల్ని తెంపకుండా పక్కకు తోసుకుంటూ దూరిపోతుంది. ఇదీ కండను కోయదట, సందు చేసుకుని పోతుందట. అందుకే చాలాసార్లు రక్తపు చుక్క కూడా రాదు. ఒక్కోచోట చిన్నగా కమిలిన మచ్చ పడుతుంది, అంతే. వాడిన సూదిని మళ్ళీ ఎవరికీ వాడరు.

బోర్లా పడుకోబెట్టి మొదటి సూదిని సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి వేలితో చిన్నగా తట్టింది. చీమ కుట్టినంత. తర్వాత దాన్ని మెల్లగా తిప్పినప్పుడు లోపల ఎవరో బొటనవేలితో నొక్కి పట్టుకున్నట్టు బరువు, కాస్త జివ్వుమనడం. దాన్ని చైనావాళ్ళు 'ద చీ' అంటారట, ఆ బరువు తెలిస్తేనే సూది సరిగ్గా పడినట్టు లెక్క. పిరుదులో, మోకాలి మడత మధ్యలో, మోకాలి కింద బయటి వైపు, చీలమండ వెనక గుంటలో, నడుం మీద రెండు పక్కలా. మొత్తం పదకొండు.

ఆ రోజు నేను చేసిన తప్పు ఒకటుంది. రక్తపరీక్షకు వెళ్ళినట్టు ఖాళీ కడుపుతో వెళ్ళాను. ఐదు నిమిషాల్లో ఒళ్ళంతా చెమట, కళ్ళు తిరిగాయి. మేడమ్ కంగారు పడలేదు. సూదులన్నీ తీసేసి, కాళ్ళు ఎత్తులో పెట్టి, చక్కెర నీళ్ళు తాగించింది. మొదటిసారి వచ్చేవాళ్ళలో, అందులోనూ ఏమీ తినకుండా టెన్షన్‌తో వచ్చేవాళ్ళలో ఇలా అవుతుందట.

ఈ చైనా వైద్యం లెక్కలో ఒంట్లో 'చీ' అనే శక్తి పారే దారులు 12 ముఖ్యమైనవి. ఆ దారుల మీద సూది గుచ్చే చోట్లను బిందువులంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పద్ధతికి తెచ్చినవి 361. నా పిరుదు మీది బిందువు పేరు పిత్తాశయం 30 అన్నప్పుడు నా పిత్తాశయానికి ఏమైందోనని హడలిపోయాను. అది ఆ దారి పేరు మాత్రమే, అవయవానికి జబ్బని కాదు. గోడ మీద డాక్టర్ కోట్నిస్ ఫొటో ఉంది. 1938లో చైనా వెళ్ళిన ఐదుగురు భారతీయ వైద్యుల్లో ఆయనొకరు, 1942లో అక్కడే చనిపోయారు. అదే బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్ళీ చైనా వెళ్ళి ఈ వైద్యం నేర్చుకుని, కలకత్తాలో మొదలుపెట్టారట. ఎక్కడి వైద్యం ఎట్లా మా కడప దాకా వచ్చిందో అనుకుంటూ ఆ ఫొటో వైపు చూస్తూ పడుకునేదాన్ని.

నాలుగోసారి నడుం దగ్గర ఒక పుల్లను రాజేసి సెగ చూపించింది. ఆ పొగ వాసన నాకు కొత్త కాదు. వినాయక చవితికి తెచ్చే పత్రిలో మాచిపత్రి ఉంటుంది చూడండి, ఆ జాతి ఆకునే ఎండబెట్టి, దంచి చుడతారట. ఎందుకో ఆ వాసనకు ప్రాణం కుదుటపడింది.

మా పాప మాత్రం ఊరుకోలేదు. రాత్రిళ్ళు నా పక్కన పడుకుని చదివి వినిపించేది. జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1,162 మంది మీద జరిపిన పరిశోధన ఫలితాలు 2007లో వచ్చాయి. అసలు బిందువుల్లో సూదులు పెట్టినవాళ్ళలో వందకు 48 మందికి మేలు కనిపించింది. బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చినవాళ్ళలో 44. మామూలు మందులు, వ్యాయామాలతో 27. "అంటే ఆ దారులూ బిందువులూ అంత ముఖ్యం కాదేమో మా, కానీ సూదులతో మేలైతే అవుతాంది" అంది. నేను చాలాసేపు ఆలోచించాను. డిస్క్‌ను సూది వెనక్కి నెట్టిందని నేను అనను. అది కాలంతో తగ్గేదేనని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. కానీ మూడో సిట్టింగు అయిన రాత్రి నేను ఐదు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. నిద్ర పట్టాక నడవగలిగాను. నడిచాక ఫిజియో చెప్పిన వ్యాయామాలు చేయగలిగాను. నొప్పి మాత్రలు రోజుకు రెండు నుంచి ఒకటికి, తర్వాత వారానికి ఒకటికి దిగాయి, అదీ డాక్టరుగారిని అడిగే. ఆ రాత్రి నిద్ర విలువ ఆ అంకెల్లో ఎక్కడుందో నాకు తెలియదు, కానీ అది నాకు దక్కింది.

వారానికి రెండు చొప్పున పది సిట్టింగులు. ఒక్కోదానికి 400 రూపాయలు, ఎప్పటికప్పుడే ఇచ్చేదాన్ని. సూదులు తీసేటప్పుడు మేడమ్ పైకే లెక్కపెట్టేది. నేనూ జాకెట్టు ఇచ్చేముందు గుండుసూదులు అట్లాగే లెక్కపెడతాను, ఒక్కటి లోపల ఉండిపోయినా కట్టుకున్నామెకు గుచ్చుకుంటుంది. పది, పదకొండు అని ఆమె గొంతు వినిపించగానే నా ఒళ్ళు తేలికయ్యేది.

ఇప్పుడు కుర్చీ మార్చాను. నలభై నిమిషాలకు ఒకసారి ఫోన్ మోగుతుంది, లేచి వాకిలి దాకా నడిచొస్తాను. పొద్దున్నే దేవుని కడప చెరువు వైపు నడక. బొటనవేలి మీద కాస్త తిమ్మిరి మిగిలింది. పెడల్ మీద కాలు పెట్టినప్పుడే తెలుస్తుంది.

మొన్న ఎదురింటి ఖాదర్‌బీ గోడ పట్టుకుని వచ్చింది. "అక్కా, నన్నూ ఆ సూదుల మేడమ్ కాడికి తీసకపో" అంది. కాల్లో తిమ్మిరి ఉందా, మూత్రం సరిగ్గా వస్తాందా అని అడిగి, గోడ మీది కాగితం చదివి వినిపించాను. ముందు ఎముకల డాక్టరుకు చూపించమన్నాను. నిన్న చూపించుకొచ్చింది, భయం లేదన్నారట. బుధవారం పొద్దున పదింటికి ఇద్దరం పోతున్నాం. ఇంట్లో నుంచి కదిలేముందు రెండు దోశలన్నా తిని రమ్మని చెప్పాను.